నక్షత్రాల పట్టికతో నిఫ్టీ దిశ తెలుస్తుందా?

ప్రశ్న: నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో గణితం బోధిస్తున్నాను. వయసు 36. మా నాన్నగారు పంచాంగం చూసి ముహూర్తాలు పెట్టేవారు. ఆ లెక్కలు నాకూ నేర్పారు. రెండేళ్లుగా నిఫ్టీ (పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఆప్షన్లు, అంటే ఆ సూచీ గడువులోగా పెరుగుతుందా తగ్గుతుందా అన్నదాని మీద ఉండే ఒప్పందాలు, కొని అమ్ముతున్నాను. ఒక ఏడాదిలో మార్కెట్ జరిగిన 247 రోజులనూ తీసుకుని, ఏ రోజు ఏ నక్షత్రమో రాసుకుని, ఒక్కో నక్షత్రం నాడు నిఫ్టీ ఎక్కువసార్లు పెరిగిందా తగ్గిందా అన్నదాన్ని బట్టి 27 నక్షత్రాలకూ ఒక పట్టిక తయారుచేశాను. ఆ పట్టిక 247 రోజుల్లో 158 రోజులకు సరిపోయింది, అంటే దాదాపు 64 శాతం. తర్వాత రెండు నెలలు దాని ప్రకారమే ఆప్షన్లు కొన్నాను. 40 రోజుల్లో 23 రోజులు దిశ సరిగ్గానే చెప్పింది, అయినా రూ.86 వేలు పోయాయి. పెట్టుబడి చాలకనే ఇలా జరిగిందని అనుకుంటున్నాను. ట్విటర్‌లో జనం మనోభావాలను బట్టి, ఉపగ్రహ చిత్రాలను బట్టి మార్కెట్‌ను ముందే పసిగడుతున్నారని చదివాను. వాటిని నా పద్ధతికి జోడించవచ్చా? ఒక టెలిగ్రామ్ గ్రూపు వారు గాన్ పద్ధతి నేర్పడానికి రూ.45 వేలు అడుగుతున్నారు, చేరమంటారా? నా భార్య నగలు కుదువ పెట్టి రూ.6 లక్షలు తేవాలనుకుంటున్నాను. ఆమెకు ఇంకా చెప్పలేదు.

సమాధానం: మీ ఉత్తరంలోని చివరి మాటకు ముందుగా సమాధానం చెబుతాను. మిగతా విషయాలు నెల తర్వాత చదువుకున్నా మీకు నష్టం లేదు, కానీ నగలు ఈ వారంలో బ్యాంకుకు వెళ్లిపోతే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం. దయచేసి వాటిని కుదువ పెట్టకండి. పోయిన రూ.86 వేల సంగతి, నగల ఆలోచన సంగతి ఇవాళే మీ భార్యకు చెప్పండి. ఈ సలహాకు కారణం నక్షత్రాల మీద నాకు చిన్నచూపు ఉండటం కాదని ఈ సమాధానం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ధరలను గ్రహగతులతో ముడిపెట్టి చూడటం మనకు కొత్త సంగతేమీ కాదు. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో నవనాయకుల పేర్లు చదివేటప్పుడు అర్ఘాధిపతి ఎవరో కూడా చెబుతారు. అర్ఘమంటే ధర, ఆ ఏడాది ధరలకు అధిపతి ఏ గ్రహమో వినడానికే ఒకప్పుడు వర్తకులు ముందు వరుసలో కూర్చునేవారు. వరాహమిహిరుడి బృహత్సంహితలో అర్ఘకాండమని ఒక అధ్యాయమే ఉంది. మీ నాన్నగారి దగ్గర నేర్చుకున్న విద్యను అంకెలతో పరీక్షించాలనే ఆలోచన మీకు రావడం గౌరవించదగ్గ విషయం. పద్ధతి విచిత్రంగా ఉన్నంత మాత్రాన అది తప్పు కాదు. పట్టికను ఏ రోజులతో తయారుచేశారో ఆ రోజుల మీదనే పరీక్షించడం దగ్గర పొరపాటు జరిగింది.

మీరు గణితం చెప్పేవారు కనుక లెక్కతోనే వివరిస్తాను. 247 రోజులను 27 నక్షత్రాలకు పంచితే ఒక్కో నక్షత్రానికి సుమారు 9 రోజులు వస్తాయి. ఇప్పుడు నిఫ్టీని, చంద్రుడిని పూర్తిగా మరచిపోయి ఒక రూపాయి బిళ్ల తీసుకోండి. అశ్విని పేరు రాసి 9 సార్లు ఎగరవేయండి, బొమ్మ ఎక్కువసార్లు పడితే 'పెరుగుదల' అని, బొరుసు ఎక్కువసార్లు పడితే 'తగ్గుదల' అని రాయండి. అలా రేవతి దాకా చేయండి, మొత్తం 243 సార్లు. 9 అనేది బేసి సంఖ్య కనుక ప్రతి నక్షత్రానికీ ఏదో ఒక పక్షానికి కనీసం 5 పడక తప్పదు, ఒక్కోసారి 6, 7 కూడా పడతాయి. అలా నెగ్గిన పక్షాలన్నీ కూడితే సగటున 155 వస్తుంది, అంటే 243లో దాదాపు 64 శాతం. బిళ్లకు ఏ నక్షత్రమూ తెలియకపోయినా మీ పట్టిక సాధించిన శాతాన్నే సాధిస్తుంది. ఒక సాయంత్రం కూర్చుని దీన్ని స్వయంగా చేసి చూడండి. నేను ఎన్ని పేజీలు రాసినా ఆ బిళ్ల చెప్పినంత స్పష్టంగా చెప్పలేను.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఇదే పట్టికను మూడేళ్ల రోజులతో చేస్తే ఒక్కో నక్షత్రానికి 27, 28 రోజులు వస్తాయి, అప్పుడు ఉత్త బిళ్ల కూడా 58 శాతం దాకా మాత్రమే చేరుతుంది. పదేళ్లతో చేస్తే శాతం ఇంకా తగ్గి 54 దగ్గరికి వస్తుంది. సమాచారం ఎంత తక్కువగా ఉంటే ఫలితం అంత ఘనంగా కనిపిస్తుందన్నమాట. ఒకే ఏడాది లెక్క చూపించి గొప్ప శాతాలు చెప్పే ప్రకటన ఏదైనా కంటపడితే ఈ మూడు అంకెలను గుర్తుచేసుకోండి.

పట్టిక తయారైన తర్వాత గడిచిన 40 రోజులే మీ పద్ధతికి అసలైన పరీక్ష. అందులో 23 సరిపోయాయన్నారు. బిళ్ల ఎగరవేసే మనుషులు ఐదుగురుంటే అందులో ఒకరికి 40లో 23 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావడం మామూలే. దాన్ని బట్టి పద్ధతి పనిచేస్తుందనీ చెప్పలేము, పనిచేయదనీ చెప్పలేము. నిజానికి ఆ రెండు నెలలూ ఒక్క రూపాయి కూడా పెట్టకుండా నోటుపుస్తకంలో రాసుకుని ఉంటే మీకు ఇంతే సమాచారం దక్కేది.

ఈ వలలో పడిన మొదటివారు మీరు కారు. మీకంటే చాలా ముందు పడిన ఒక పెద్దాయన కథ మీ జిల్లాతో కూడా ముడిపడి ఉంది. విలియం స్టాన్లీ జెవన్స్ 19వ శతాబ్దపు ఇంగ్లండులో పేరుమోసిన ఆర్థికవేత్త, తర్కశాస్త్రవేత్త. వ్యాపార సంక్షోభాలు కొన్నేళ్లకోసారి ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్నకు ఆయన సమాధానం సూర్యుడిలో వెదికాడు. సూర్యుడి మీది మచ్చలు ఒక క్రమంలో పెరిగి తగ్గుతుంటాయి. ఆ క్రమం పంటలను, పంటలు ధరలను, ధరలు వ్యాపారాన్ని నడిపిస్తాయేమోనన్నది ఆయన ఊహ. 1875లో ఇంగ్లండు పాత ధాన్యపు ధరలను 11 ఏళ్ల ఆవృత్తితో సరిచూసి ఒక వ్యాసం చదివాడు. ఆ తర్వాత అవే అంకెలు వేరే ఆవృత్తులకు కూడా అంతే చక్కగా సరిపోతున్నాయని గమనించి, నిజాయితీగా దాన్ని ఉపసంహరించుకున్నాడు. ఆ మెలకువ ఆయనలో ఎక్కువ కాలం నిలవలేదు. 1878లో సంక్షోభాల మధ్య సగటు వ్యవధి పదిన్నర ఏళ్లని లెక్కగట్టాడు. అప్పటికే ఒక ఖగోళ పరిశోధకుడు సూర్యమచ్చల ఆవృత్తిని 11.1 నుంచి 10.45 ఏళ్లకు సవరించాడు. రెండు సంఖ్యలూ దగ్గరపడేసరికి జెవన్స్ పూర్తిగా నమ్మేశాడు. అదే ఏడాది అక్టోబరులో గ్లాస్గో నగర బ్యాంకు కుప్పకూలడం ఆయన నమ్మకాన్ని మరింత గట్టిపరచింది.

ఇంగ్లండు వ్యాపారాన్ని సూర్యుడికి కలిపే గొలుసులో మధ్య కొక్కెం ఏదనుకున్నారు? మన దేశపు పంట. సూర్యుడి వేడి మారితే ఇండియాలో పంట మారుతుంది, పంట బాగా పండి ధాన్యం చవకైతే ఇక్కడి రైతు చేతిలో బట్టలు కొనడానికి డబ్బు మిగులుతుంది, అప్పుడు మాంచెస్టర్ మిల్లులకు గిరాకీ వస్తుంది. ఆ రోజుల్లో ఈ ఊహకు ఊపిరి పోసింది 1876 నుంచి 1878 దాకా సాగిన మహా కరువు, మన పెద్దలు ధాత కరువని చెప్పుకున్నది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దాని దెబ్బకు విలవిల్లాడాయి. ఆ కరువు నడుస్తుండగానే విలియం విల్సన్ హంటర్ అనే అధికారి మద్రాసు వర్షపాతపు లెక్కలు తీసి, సూర్యమచ్చలు తగ్గిన ఏళ్లలో వానలు తగ్గుతాయని ప్రకటించాడు. ప్రొద్దుటూరు చుట్టుపక్కల లక్షణమైన పొలాలు ఎండిపోయి మనుషులు రాలిపోతున్న కాలంలోనే రైళ్ల మీద, ఓడల మీద ధాన్యం బయటికి తరలిపోతూ ఉంది. ఆ సంగతి మాత్రం సూర్యమచ్చల లెక్కలో ఎక్కడా లేదు. ఈ భాగం చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

జెవన్స్ తన గొలుసుకు సరిపోని చోట అనుమానాస్పదమైన సంక్షోభాలను కూడా లెక్కలో చేర్చుకున్నాడు. ఆయన 1882లో సముద్రంలో ఈతకు దిగి మునిగి చనిపోయాడు, అప్పటికి 46 ఏళ్లు. ఆ తర్వాత సూర్యమచ్చల సగటు ఆవృత్తి మళ్లీ 11 ఏళ్ల దగ్గరకే వచ్చింది, సంక్షోభాలు తమ దారిన తాము వచ్చాయి. అంత తెలివైనవాడు, తన తప్పును ఒకసారి తానే పట్టుకున్నవాడు రెండోసారి ఎందుకు పట్టుకోలేకపోయాడు? అంకెలు తాను కోరుకున్నదే చెప్పడం వల్లనేనని నా అభిప్రాయం. మీ 158 కూడా మీరు కోరుకున్న అంకె.

ఇదే కథకు రెండో సగం ఉంది, అది చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. కేంబ్రిడ్జిలో గణితం చదువుకున్న గిల్బర్ట్ వాకర్ 1904లో భారత వాతావరణ శాఖ అధిపతిగా వచ్చి, రుతుపవనాలను ముందుగా చెప్పే దారి కోసం ప్రపంచం నలుమూలల నుంచి వాయుపీడనాల, వర్షాల లెక్కలు తెప్పించి, గుమాస్తాల చేత చేతితోనే వేల సహసంబంధాలు (రెండు వరుసల అంకెలు ఎంతగా కలిసి మారుతున్నాయో చెప్పే కొలతలు) లెక్కగట్టించాడు. అదీ మీ పనిలాంటిదే: ముందుగా ఏ సిద్ధాంతమూ లేకుండా అంకెల్లో పొత్తు వెదకడం. అయితే వాకర్ 1914లోనే ఒక నియమం రాసి పెట్టుకున్నాడు. వంద సంబంధాలు వెదికి అందులో అతి పెద్దదాన్ని ఎంచుకున్నప్పుడు, దాన్ని ఒక్కటే వెదికి పట్టుకున్నట్టు తూచకూడదు, వందలో కాకతాళీయంగా ఎంత పెద్దది వచ్చే వీలుందో ముందు చూసుకోవాలి. ఆ జల్లెడలో సూర్యమచ్చలు నిలవలేదు. పసిఫిక్ మహాసముద్రానికి ఒక పక్క పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం వైపు తగ్గడమనే వింత ఊగిసలాట మాత్రం నిలిచింది; 1924లో ఆయన దానికి దక్షిణ డోలనమని పేరు పెట్టాడు. అది ఎందుకు జరుగుతుందో అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు, ఆ సూత్రాలతో వేసిన అంచనాలు కూడా ఆయన కాలంలో ఆశించినంత ఫలించలేదు. 1960లలో దానికీ, పసిఫిక్ జలాలు వేడెక్కే ఎల్‌నినోకీ ఉన్న బంధం తేలింది. ఇవాళ ఎల్‌నినో అన్న మాట వినగానే నూనె గింజల వ్యాపారి, ట్రాక్టర్ల కంపెనీ షేర్లున్న మదుపరి ఇద్దరూ చెవులు రిక్కిస్తున్నారంటే దాని వెనుక వాకర్ జల్లెడ ఉంది.

ఆ జల్లెడను మీ చేతిలోని పంచాంగానికి పట్టి చూడండి. తిథులు 30, నక్షత్రాలు 27, యోగాలు 27, కరణాలు 11, శని ఆదివారాలు మామూలుగా మార్కెట్ ఉండదు కనుక వారాలు 5. మొత్తం సరిగ్గా 100. వీటిలో దేనికీ నిఫ్టీతో సంబంధం లేకపోయినా, నూటికి ఐదుసార్లు మాత్రమే కాకతాళీయంగా వచ్చేంత గట్టి పొత్తు కావాలని మీరు గీత గీసినా, ఆ గీత దాటేవి ఐదు దాకా దొరుకుతాయి. నక్షత్రం పనిచేయనప్పుడు తిథికి, తిథి పనిచేయనప్పుడు యోగానికి మారాలనే కోరిక మీకు త్వరలోనే కలుగుతుంది. ఎన్ని మార్చి చూశారో నిజాయితీగా లెక్క రాసుకోండి.

డేవిడ్ లైన్‌వెబర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ ప్రమాదాన్ని చూపించడానికే ఐక్యరాజ్యసమితి గణాంకాలన్నీ గాలించి, బంగ్లాదేశ్ వెన్న ఉత్పత్తితో అమెరికా షేర్ల సూచీలోని మార్పులను 75 శాతం 'వివరించి' చూపాడు. దానికి అమెరికా జున్ను ఉత్పత్తిని, రెండు దేశాల గొర్రెల సంఖ్యను చేర్చేసరికి అది 99 శాతానికి చేరింది. ఆ కాలం దాటిన వెంటనే ఆ సంబంధం ఎందుకూ పనికిరాకుండా పోయింది.

ఇక మీరు చదివిన ట్విటర్ సంగతి. 2008 నాటి దాదాపు కోటి ట్వీట్లలోని మాటలను బట్టి జనం మనోభావాలను కొలిచి, వాటితో అమెరికా షేర్ల సూచీ డౌజోన్స్ పెరుగుతుందో తగ్గుతుందో సుమారు 87 శాతం సరిగ్గా చెప్పగలిగామని అమెరికాలో కొందరు పరిశోధకులు 2010లో ప్రకటించారు. ప్రపంచమంతా ఆ శాతాన్నే చూసింది. దాన్ని పరీక్షించింది 2008 డిసెంబరులోని 15 మార్కెట్ రోజుల మీద మాత్రమేనన్నది చాలామంది గమనించలేదు. మనోభావాలలో ఆరు రకాలు కొలిస్తే వాటిలో ప్రశాంతత ఒక్కటే ప్రధానంగా నిలిచింది. ఆ ఊపులో లండన్‌లో డెర్వెంట్ క్యాపిటల్ అనే సంస్థ 2011లో ట్విటర్ ఆధారంగా ఒక ఫండ్ ప్రారంభించి, నెల రోజుల్లోనే మూసివేసింది. గూగుల్ వెదుకులాటల మీద 2013లో వచ్చిన అధ్యయనానిదీ ఇంచుమించు ఇదే దారి. 98 పదాలు ప్రయత్నిస్తే అప్పు అనే అర్థమిచ్చే పదం అన్నిటికంటే బాగా పనిచేసి, 2004 నుంచి 2011 వరకు కాగితం మీద 326 శాతం లాభం చూపింది. వేరే పరిశోధకులు జబ్బుల పేర్లు, పాతకాలపు కార్ల పేర్లు, వీడియో గేముల పేర్లు తీసుకుని అదే పద్ధతి ప్రయోగిస్తే వాటిలోనూ అలాంటి లాభాలే కనిపించాయి.

అసాధారణ పద్ధతులన్నీ ఇలాంటివేనని మాత్రం అనుకోకండి. ఉపగ్రహ చిత్రాల సంగతి వేరు. ముడిచమురు నిల్వచేసే పెద్ద ట్యాంకులకు తేలియాడే పైకప్పు ఉంటుంది; చమురు తగ్గేకొద్దీ ఆ కప్పు కిందికి దిగుతుంది, ట్యాంకు గోడ నీడ దాని మీద పొడవుగా పడుతుంది. పైనుంచి తీసిన చిత్రంలో ఆ నీడను కొలిస్తే నిల్వ ఎంతో తెలుస్తుంది. అమెరికాలో పెద్ద దుకాణాల ముందు నిలిపిన కార్లను ఇలాగే లెక్కపెడుతున్నారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ లెక్కలను పరిశీలించి, త్రైమాసిక ఫలితాలు వెలువడే 3 రోజుల వ్యవధిలో వాటి ఆధారంగా 4 నుంచి 5 శాతం దాకా లాభం సాధ్యమని తేల్చారు. దుకాణం ముందు కార్లు ఎక్కువైతే అమ్మకాలు ఎక్కువవుతాయి, అమ్మకాలు ఎక్కువైతే లాభం పెరుగుతుంది: ఇక్కడ గొలుసులోని ప్రతి కొక్కేన్నీ వేలితో తాకి చూడవచ్చు. అయితే ఆ చిత్రాలకు భారీగా ధర చెల్లించగలిగినవి పెద్ద ఫండ్లు మాత్రమే. అవి కొన్నప్పుడు అమ్మేది, అమ్మినప్పుడు కొనేది మీలాంటి, నాలాంటి చిన్న మదుపరులే.

కళ్ల ముందు కనిపించే ఇలాంటి సమాచారం మన పల్లెల్లోనూ ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను తినేసినప్పుడు, గుంటూరు యార్డుకు బస్తాలు రాకముందే పల్నాడు, ఖమ్మం పొలాల్లో తిరిగిన వ్యాపారికి దిగుబడి పడిపోతుందని తెలుసు. కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని బస్తాలున్నాయో వాకబు చేసేవారూ, నారు అమ్మకాన్ని బట్టి వచ్చే పంటను అంచనా వేసేవారూ మన దగ్గర తరతరాలుగా ఉన్నారు. మీ పక్కనే మైదుకూరు చుట్టూ పసుపు పండుతుంది, నిజామాబాద్ కేంద్రంగా పసుపుకు ఫ్యూచర్స్ మార్కెట్ (రాబోయే తేదీకి ధర ఇప్పుడే ఖాయం చేసుకునే మార్కెట్) కూడా ఉంది. పసుపు ఫ్యూచర్స్‌లోకి దిగమని నేను అనడం లేదు. అంకెలతో పొత్తు వెదికే అభిరుచి మీకు నిజంగా ఉంటే, కారణాన్ని కళ్లతో చూడగలిగిన చోట దాన్ని ఉపయోగించండి అంటున్నాను. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. రోడ్డు మీద నిలబడి ఫ్యాక్టరీ గేటు లోంచి వచ్చే లారీలను లెక్కపెట్టడం తప్పు కాదు, కానీ ఆ కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేసే బావమరిది ఫలితాలు ముందుగా చెబితే దాన్ని బట్టి షేర్లు కొనడం షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం నేరం.

చంద్రుడి మీద శాస్త్రీయ అధ్యయనాలు ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు, ఉన్నాయి. 48 దేశాల మార్కెట్లను చూసి 2006లో ప్రచురించిన ఒక పరిశోధన, అమావాస్య చుట్టూ ఉన్న రోజుల్లో కంటే పౌర్ణమి చుట్టూ ఉన్న రోజుల్లో రాబడి ఏడాదికి 3 నుంచి 5 శాతం తక్కువగా ఉందని తేల్చింది. మన దగ్గర అమావాస్య నాడు కొత్త పని మొదలుపెట్టరు, అక్కడ మాత్రం అంకెలు అమావాస్యనే మెచ్చుకున్నాయి. ఆ ఫలితం నిజమే అయినా, ఏడాది పొడవునా విస్తరించిన ఆ 3 నుంచి 5 శాతాన్ని రోజుకు విడగొడితే మిగిలేది చాలా స్వల్పం. ఆప్షన్లు కొని అమ్మేవారికి బ్రోకరేజీ, ఎస్‌టీటీ (మార్కెట్ లావాదేవీల పన్ను), జీఎస్‌టీల్లోనే అది కరిగిపోతుంది.

దిశ సరిగ్గా చెప్పినా డబ్బు ఎందుకు పోయిందని మీరు నేరుగా అడగలేదు, కానీ ఉత్తరమంతా ఆ బాధే వినిపిస్తోంది. 23 మంచి రోజుల్లో సగటున రూ.3 వేలు వచ్చి, 17 చెడ్డ రోజుల్లో సగటున రూ.9 వేలు పోయాయనుకోండి. వచ్చింది రూ.69 వేలు, పోయింది రూ.1,53,000, తేడా రూ.84 వేలు, ఖర్చులు కలిపితే దాదాపు మీ అంకె వస్తుంది. మీ బ్రోకర్ ఇచ్చే కాంట్రాక్టు నోట్లు తీసి చూస్తే ఇలాంటి చిత్రమే కనిపిస్తుందని నా ఊహ. లాభం రాగానే భయంతో అమ్మేస్తాము, నష్టం వచ్చినప్పుడు కోలుకుంటుందని పట్టుకుని కూర్చుంటాము. పైగా నిఫ్టీ 20 పాయింట్లు మాత్రమే పెరిగిన రోజు మీ దిశ సరైనదే, కానీ ఎక్స్‌పైరీ (ఆప్షన్ గడువు తేదీ) దగ్గరపడేకొద్దీ కాల్ ప్రీమియం, అంటే పెరుగుదల మీద కొన్న ఆప్షన్ ధర, కరిగిపోతుంది కనుక డబ్బు రాదు. పెద్ద మార్పులు కొద్ది రోజుల్లోనే వస్తాయి, ఆ రోజులు ఎవరికీ చెప్పి రావు. 2024 జూన్ 1 సాయంత్రం లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ వెలువడ్డాయి; 3న నిఫ్టీ 3 శాతానికి పైగా పెరిగింది; 4న ఓట్ల లెక్కింపు జరుగుతుండగా దాదాపు 6 శాతం పడిపోయింది; 7న సెన్సెక్స్ రికార్డు స్థాయిలో ముగిసింది. ఎవరు అధికారంలోకి వస్తారో కచ్చితంగా తెలిసినవాడు కూడా ఆ నాలుగు రోజుల్లో ఆప్షన్లతో నష్టపోయే వీలుంది. ఇటువంటి చోట రూ.6 లక్షలు తెస్తే 86 వేల నష్టం లాభంగా మారదు, అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో పాల్గొన్న కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. వారి మొత్తం నష్టం రూ.1.8 లక్షల కోట్లు దాటింది, తలసరి సగటు నష్టం రూ.2 లక్షల దగ్గర ఉంది. 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో అవతలి పక్షాన లాభపడినవి ఎక్కువగా విదేశీ సంస్థలు, సొంత డబ్బుతో వ్యాపారం చేసే సంస్థలు. వాటి లాభంలో నూటికి 95 పాళ్లకు పైగా కంప్యూటర్లు నడిపే అల్గారిథమ్‌ల ద్వారా వచ్చినదే.

గాన్ కోర్సు గురించి ఎక్కువ చెప్పను. విలియం డెల్బర్ట్ గాన్ 1878లో టెక్సస్‌లో పుట్టి 1955లో చనిపోయాడు. ధరల పటం మీద కోణాలు, చదరపు గళ్లలో సంఖ్యలు, గ్రహస్థితులు కలిపి ఒక పెద్ద వ్యవస్థ అల్లాడు. ఆ గీతల్లో ఏదో ఒకటి ప్రతి మలుపు దగ్గరా తగులుతుంది, ఏ గీత తగులుతుందో మాత్రం మలుపు తిరిగాకే తెలుస్తుంది. అమెరికాలో ఆల్ఫ్రెడ్ కౌల్స్ 1933లోనే జోస్యాలను తూచిన తీరు చూడండి. ఒక ప్రసిద్ధ పత్రికా సంపాదకుడు పాతికేళ్లకు పైగా చెప్పిన 90 సూచనలను లెక్కిస్తే 45 ఫలించాయి, 45 విఫలమయ్యాయి. ఆయన మాట విన్నవారికి ఏడాదికి 12 శాతం వస్తే, ఏమీ చేయకుండా షేర్లు పట్టుకుని కూర్చున్నవారికి 15.5 శాతం వచ్చింది.

టెలిగ్రామ్ గ్రూపు వారు మీకు చూపించే లాభాల స్క్రీన్‌షాట్లను చూసేటప్పుడు ఈ చిన్న లెక్కను మనసులో ఉంచుకోండి. 1,024 మందిలో సగం మందికి రేపు పెరుగుతుందనీ, మిగతా సగానికి తగ్గుతుందనీ సందేశం పంపి, సరిపోయిన సగానికే మర్నాడు మళ్లీ అలా పంపుతూ పోతే, పది రోజుల తర్వాత ఒకే ఒక్కరు మిగులుతారు. పదికి పది సరిగ్గా చెప్పారని ఆ ఒక్కరు ఇల్లమ్మి అయినా డబ్బు కట్టడానికి సిద్ధపడతారు. ఈ గ్రూపు అలా చేస్తోందని నేను అనడం లేదు. షేర్ల మీద సిఫారసులు అమ్మేవారికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి: పరిశోధన విశ్లేషకుల సంఖ్య ఐఎన్‌హెచ్ అక్షరాలతో, పెట్టుబడి సలహాదారుల సంఖ్య ఐఎన్‌ఏ అక్షరాలతో మొదలవుతుంది, ఆ పేర్లు సెబీ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. అది లేకపోయినా, లాభం ఖాయమని ఒక్క మాట అన్నా, ఆ రూ.45 వేలు మీ జేబులోనే ఉంచుకోండి.

మీ పట్టికను పారేయమని నేను చెప్పను. ఇప్పుడున్నది ఉన్నట్టుగా ఒక తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, మీ భార్య చేత సంతకం చేయించి ఆమెకే ఇచ్చి దాచమనండి. రేపటి నుంచి ప్రతి మార్కెట్ రోజూ ఉదయం 9 గంటలకు ముందే ఆనాటి నక్షత్రాన్ని, పట్టిక చెప్పిన దిశను నోటుపుస్తకంలో రాయండి. సాయంత్రం అసలు ఫలితం రాయండి. మధ్యలో నక్షత్రం మారే రోజుల్లో ఏ సమయంలో ఉన్న నక్షత్రాన్ని లెక్కించాలో ఇప్పుడే నిర్ణయించుకుని ఆ కాగితం మీదే రాయండి, లేకపోతే అనుకూలమైనదాన్ని ఎంచుకునే దారి తెరిచి ఉంటుంది. డబ్బు పెట్టవద్దు, ఒక్క గడిని కూడా సవరించవద్దు. పక్కనే ఇంకో వరుస గీసి అందులో రోజూ 'పెరుగుదల' అనే రాయండి, ఎందుకంటే దీర్ఘకాలంలో పెరిగే సూచీకి పెరిగిన రోజులు సగం కంటే కొంచెం ఎక్కువగానే ఉంటాయి, మీ పట్టిక కనీసం ఆ గుడ్డి వరుసనైనా దాటాలి.

247 రోజులు పూర్తయ్యాక 140 గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిపోయి, గుడ్డి వరుస కంటే స్పష్టంగా మెరుగ్గా ఉంటే నాకు మళ్లీ రాయండి. ఆ నోటుపుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మీతో కలిసి చదవడానికి నేను సిద్ధం. ఈలోగా ఆప్షన్లకు కేటాయిస్తున్న నెలసరి మొత్తాన్ని ముందుగా ఆ రూ.86 వేల లోటు పూడ్చడానికి వాడండి. ఆ తర్వాత ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే డబ్బు బ్యాంకులో చేరే దాకా డీమ్యాట్ ఖాతా జోలికి వెళ్లకండి.